స్నేర్ తీగలు దించేసిన ఏడాది

2003 జూన్‌లో హైదరాబాద్‌లో అమెరికన్ మెటల్ బ్యాండు మెటాలికా కొత్త ఆల్బం వినేవాళ్లకి ముందు అనుమానం వచ్చింది సీడీ మీదే. ప్లేయర్ లెన్సు తుడిచారు. స్పీకర్ వైర్లు పీకి మళ్లీ గుచ్చారు. ఎంపీ3 అయితే రిప్ చేసినవాణ్ణి తిట్టుకున్నారు. పాట మొదలవగానే వెనకాల ఎవరో స్టీలు డబ్బా బోర్లించి గరిటతో బాదుతున్నట్టు చప్పుడు. ఒక పాటలో కాదు, మొత్తం పదకొండు పాటల్లోనూ అదే. ఇంకొకరి దగ్గర కాపీ తెచ్చుకుని విన్నా అదే డబ్బా. పాడైంది సీడీ కాదని, బ్యాండు కావాలనే అలా ఉంచిందని తెలిశాక మొదలైంది అసలు గొడవ.

ఆల్బం పేరు సెయింట్ యాంగర్. ముందు జూన్ 10న అనుకున్నారు గానీ, ఇంటర్నెట్‌లో ముందే బయటికి పొక్కుతుందన్న భయంతో 5కి జరిపారు. అమెరికాలో మొదటి వారమే 4 లక్షల పైచిలుకు కాపీలు అమ్ముడై నంబర్ వన్‌కి వెళ్లింది. మరుసటి ఏడాది టైటిల్ పాటకి బెస్ట్ మెటల్ పెర్ఫార్మెన్స్ గ్రామీ కూడా వచ్చింది. అయినా ఇవాళ్టికీ మెటాలికా మాటొస్తే సగంమంది మొహం చిట్లించేది దీని పేరు చెప్పినప్పుడే.

అప్పట్లో మన ఊళ్లో ఇంగ్లిష్ ఆల్బం చేతికి రావడానికి నాలుగు దారులు. షోరూములో క్యాసెట్, దానికి మూడు నాలుగింతల ధర పెడితే ఒరిజినల్ సీడీ, ఫుట్‌పాత్ మీద వంద పాటలు కుక్కిన ఎంపీ3 సీడీ, లేదంటే డయలప్ మీద డౌన్‌లోడ్. బేగంపేట్ వాల్డెన్‌లోనో ఇంకో పెద్ద షాపులోనో అట్ట తిరగేసి చూసి, ధర చూసి, కింద పెట్టేసి కోఠి బస్సెక్కినవాళ్లే ఎక్కువ. డౌన్‌లోడ్ లెక్క ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. 128 కేబీపీఎస్ ఎంపీ3 సెకనుకి 16 కిలోబైట్లు తింటుంది. ఈ ఆల్బం నిడివి 75 నిమిషాల పైనే, అంటే 72 ఎంబీ. 56కే మోడెమ్ పేరుకే 56. చేతికి దక్కేది సెకనుకి నాలుగైదు కిలోబైట్లు. ఎనిమిదిన్నర నిమిషాల పాట ఒక్కటి దిగడానికి అరగంట. మొత్తం ఆల్బంకి నాలుగున్నర గంటలు, అదీ మధ్యలో ఎవరూ ఫోన్ ఎత్తకుండా ఉంటే. ల్యాండ్‌లైన్ ఇంట్లో ఒక్కటే కదా, తొంభై శాతం దిగాక వరంగల్ పెద్దమ్మ ఫోన్ చేయడం మామూలే.

దింపుకున్నాక సీడీ రాయడం ఇంకో తంటా. అప్పటికి సికింద్రాబాద్ కంప్యూటర్ బజారు సీటీసీలో రెండు రకాల ఖాళీ సీడీలు దొరికేవి, 650 ఎంబీవి, 700 ఎంబీవి. ఆడియో సీడీగా రాస్తే మొదటిదాంట్లో పట్టేది 74 నిమిషాలే. ఈ ఆల్బం 75 నిమిషాల పైనే. రూపాయో రెండ్రూపాయలో తక్కువని 650 కొన్నవాళ్లకి సీడీలు రాసే నీరో సాఫ్ట్‌వేర్ చివర్లో చేతులెత్తేసేది. అందుకే చాలామంది దగ్గర తిరిగిన కాపీల్లో ఆఖరి పాట ఉండేది కాదు. ఎనిమిది నిమిషాల 48 సెకన్ల ఆ పాట సంగతి చివర్లో చెప్తాను. సీ-90 క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నవాళ్లకి మాత్రం బాధ లేదు. మొదటి ఆరు పాటలూ కలిపితే 41 నిమిషాల చిల్లర, ఒక వైపు 45లో సుఖంగా సర్దుకుంటాయి. మిగతా అయిదూ రెండో వైపు.

ఇంతకీ జనం దేనికోసం ఎదురుచూశారు? 1991 నాటి బ్లాక్ ఆల్బం మన దగ్గర గిటార్ పట్టిన ప్రతివాడికీ పెద్దబాలశిక్ష. 1996లో లోడ్, 1997లో రీలోడ్ వచ్చేసరికి బ్యాండు జుట్టు కత్తిరించుకుంది, పాటలు బ్లూస్ వైపు ఒరిగాయి. పాత భక్తులకి ఆ క్షవరమే పెద్ద ద్రోహం. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి చేసిన కచేరీతో కాస్త శాంతించారు. ఆ తర్వాత 2000లో ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ మీద కేసు వేశారు. పాటలు పంచుకుంటున్నారని 3 లక్షల 35 వేలకు పైగా యూజర్ల పేర్ల జాబితా పట్టుకెళ్లి ఇచ్చారు. డౌన్‌లోడే దిక్కయిన మన కుర్రాళ్లకి అది గుచ్చుకుంది. సెయింట్ యాంగర్‌ని తిట్టేటప్పుడు అందులో ఒక పాలు నాప్‌స్టర్ కోపం కూడా ఉండేది, ఒప్పుకోవాలి.

బ్యాండు లోపల అప్పుడు నడుస్తున్న కథ వేరు. 2001 జనవరిలో బేస్ గిటారిస్టు జేసన్ న్యూస్టెడ్ వెళ్లిపోయాడు. ఆ ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో అనే పాత సైనిక స్థావరంలోని బ్యారక్స్‌లో రికార్డింగ్ మొదలుపెట్టారు. మామూలు స్టూడియో హంగులేవీ లేని గదులు. జులైలో గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ వ్యసన చికిత్సకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చాక సాన్ రఫేల్‌లోని సొంత స్టూడియోలో 2002 మేలో పని మళ్లీ మొదలైంది, మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా మాత్రమే పనిచేస్తానన్న షరతుతో. బేస్ వాయించడానికి మనిషి లేడు కాబట్టి నిర్మాత బాబ్ రాకే వాయించాడు. కొత్త బేసిస్టు రాబర్ట్ ట్రుజిలో 2003 ఫిబ్రవరిలో చేరేసరికి పని చివరికొచ్చేసింది.

ఇప్పుడు ఆ డబ్బా దగ్గరికి.

స్నేర్ డ్రమ్ము 14 అంగుళాల వ్యాసం, అయిదారు అంగుళాల లోతు ఉండే పళ్లెం లాంటి వాయిద్యం. పైన కొట్టే తోలు సుమారు 10 మిల్లుల మందం, అంటే అంగుళంలో వందో వంతు. అడుగు తోలు 3 మిల్లులే, పాలిథీన్ సంచిలా పలచన. అడుగు తోలుకి ఆనుకుని సన్నటి స్ప్రింగు తీగలు, మామూలుగా 20. పైన దెబ్బ పడగానే లోపలి గాలి అడుగు తోలుని తోస్తుంది, తోలు తీగల్ని కొడుతుంది. మనం స్నేర్ అని గుర్తుపట్టే ఆ ‘చర్ర్’ శబ్దం తీగలది. డ్రమ్ము గోడకి ఒక చిన్న లీవర్ ఉంటుంది. ఎత్తితే తీగలు తోలుకి ఆనతాయి, దించితే వేలాడతాయి. మన పెళ్లి బ్యాండు వాళ్ల సైడ్ డ్రమ్ముకీ ఇదే ఏర్పాటు.

లీవర్ దించితే ఏమవుతుంది? తీగల ‘చర్ర్’ పోతుంది. అది ఇన్నాళ్లూ కప్పిపెట్టిన తోలు మోత, చట్రం మోత బయటపడతాయి. ఒక్కో దెబ్బ అర సెకను ‘టంయ్‌య్’ అని మోగుతూనే ఉంటుంది. డ్రమ్మర్లు దాన్ని దించేదే వాయించనప్పుడు. చిన్న గదిలో బేస్ మోగితే చాలు, తీగలు వాటంతటవే గిరగిరలాడి ప్రాణం తీస్తాయి కాబట్టి. మళ్లీ ఎత్తడం మర్చిపోవడం ఏ జామ్ రూములోనైనా రోజూ జరిగేదే. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్ కూడా ఒకరోజు అలాగే మర్చిపోయాడట, తర్వాత విని చూసుకుంటే ఆ మోతే నచ్చిందట. మర్చిపోవడంలో వింత లేదు, 75 నిమిషాల పాటు గుర్తు తెచ్చుకోకపోవడమే వింత.

హైదరాబాద్ చెవికి ఆ మోత మరీ పరాయిదేమీ కాదు. పాతబస్తీ బరాత్‌లో మర్ఫా వినండి. డోలు పక్కనే స్టీలు బిందె మీద కర్రలతో వేసే దరువు ఉంటుంది చూశారూ, అదీ ఇలాంటి గంట మోతే. కాకపోతే అక్కడ బిందె దరువులో ఒక భాగం, బరువంతా డోలు మోస్తుంది. ఇక్కడ బిందె వచ్చి డోలు కుర్చీలో కూర్చుంది. డప్పు వాయించేవాళ్లు ముందు చితుకుల మంట వేసి తోలు కాచుకుంటారు, చల్లారిన డప్పు ‘బొద్దు బొద్దు’ మంటుందని. తోలు బిగువు ఎంత ముఖ్యమో వాళ్లకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆ సంగతి తెలియకే అప్పటి మన కుర్ర డ్రమ్మర్లు బోర్లాపడ్డారు. సెయింట్ యాంగర్ మోత కావాలని లీవర్ దించేవాళ్లు, వచ్చేది మాత్రం చిన్న టామ్ డ్రమ్ము మీద కొట్టినట్టు మెత్తటి దెబ్బ.

కారణం ఇదీ. జామ్ రూముల్లో స్నేర్‌కి ఎప్పుడూ టేపు ముక్కలో మడిచిన రుమాలో అంటించి ఉండేది, మోత అణచడానికి. తోళ్లు కూడా సాగి వదులై ఉండేవి. మోత కావాలంటే ముందు ఆ టేపంతా పీకాలి. తర్వాత పై తోలు బోల్టుల్ని ఎదురెదురుగా, ఒక్కోటి పావు తిప్పు చొప్పున బిగించుకుంటూ పోవాలి. వరసగా చుట్టూ బిగిస్తే తోలు ఒక పక్కకి లాగి, రెండు శ్రుతులు కొట్టుకుని వంకర మోత వస్తుంది. ప్రతి బోల్టు దగ్గరా అంగుళం లోపలికి పుల్లతో తట్టి, అన్ని చోట్లా ఒకే శ్రుతి వచ్చేదాకా సవరించాలి. అడుగు తోలు కూడా బిగించాలి, కానీ అది 3 మిల్లులదని మర్చిపోకూడదు. ఆత్రపడితే అంచు దగ్గర పుటుక్కున చిరుగుతుంది, పైగా ఆ తోలు మన దగ్గర అంత తొందరగా దొరికేదీ కాదు. చివరిగా దెబ్బ. పుల్ల తోలునీ చట్రాన్నీ ఒకేసారి తాకాలి. ఇవన్నీ కుదిరితే ఆ డబ్బా వస్తుంది. వచ్చిన పది నిమిషాలకే గదిలో మిగతావాళ్లు బతిమాలతారు, తీసేయమని.

నేను ఇన్నేళ్లుగా అనుకునేది ఒకటుంది. ఆ ఆల్బం మీద మన ఊళ్లో పడిన తిట్లలో సగం మన స్పీకర్లకి పడాల్సినవి.

మెటాలికా మొదట్లో గిటార్లని మామూలు శ్రుతిలో, లోడ్ రోజుల్లో అరమెట్టు కిందకి పెట్టుకునేది. ఈ ఆల్బంలో ఎక్కువ పాటలకి డ్రాప్ సి, అంటే లావు తీగని సి స్వరం దాకా దించడం. మామూలు శ్రుతిలో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలికితే, డ్రాప్ సిలో 65 దగ్గర పలుకుతుంది. బేస్ గిటార్ దానికి ఒక స్థాయి కింద, 33 దగ్గర. బరువంతా అడుగున ఉన్న సంగీతం అన్నమాట. మరి మనం విన్నదేంటి? కంప్యూటర్ పక్కన పెట్టిన మూడంగుళాల ప్లాస్టిక్ స్పీకర్లు. వాటికి 150 హెర్ట్జ్ కింద పలకడం రాదు. టేప్ రికార్డర్ మీద ‘1000 వాట్స్ పీఎంపీఓ’ అని మెరిసే స్టిక్కర్ ఉండేది. పీఎంపీఓ అంటే సెకనులో ఏ ఇసుమంత సేపో పేలే ఊహా శక్తి. ఆగకుండా ఇచ్చేది, ఆర్ఎంఎస్ లెక్కలో, పట్టుమని పది వాట్లు కూడా ఉండేది కాదు. ఆ డబ్బాల్లో ఈ ఆల్బం పెడితే కింది బరువు మొత్తం జారిపోతుంది. గిటార్ల కండ పోయి గీరుడు మిగులుతుంది. స్నేర్ మోత మాత్రం సరిగ్గా ఆ చిన్న స్పీకర్లు బ్రహ్మాండంగా పలికే మధ్య స్థాయిలో ఉంది. పాటంతా తగ్గి అదొక్కటే పెరిగినట్టు వినపడకపోతే ఆశ్చర్యపోవాలి.

దానికి తోడు 128 ఎంపీ3. ఆ రేటులో పై శబ్దాలకి 16 వేల హెర్ట్జ్ దగ్గర కత్తెర పడుతుంది, తాళాల మోత నీళ్లల్లో జాడించినట్టు ‘శ్వీశ్వీ’ మంటుంది. పదునైన దెబ్బకి ముందే సన్నగా ఒక మసక వినిపిస్తుంది. క్షణానికో స్నేర్ దెబ్బ పడే ఆల్బంకి ఇంతకంటే అన్యాయం లేదు. క్యాసెట్ ఈ విషయంలో దయగలది. శబ్దం పెరగగానే టేపు దెబ్బ అంచుని కాస్త గుండ్రం చేస్తుంది. హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, పక్కనుండే చిన్న స్క్రూతో సరిచూసుకున్న డెక్ మీద విన్నవాళ్లకి ఇది అంత గుచ్చుకునే రికార్డు కాదు.

కంప్యూటర్‌లో పాటలు వినే విన్‌యాంప్‌లో ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టనివాళ్లెవరు? పది గీతలు, 60, 170, 310, 600, 1కే, 3కే అలా 16కే దాకా. అందరూ చేసిన తప్పు ఒకటే. బేస్ లేదు కదా అని 60ని పైకంటా లేపేయడం. స్పీకరుకి అసలు పలకడమే రాని శబ్దాన్ని పెంచితే కోను గిలగిలా కొట్టుకుంటుంది తప్ప బేస్ రాదు. పైగా ఎడమ చివరన ఉండే ప్రీయాంప్ గీతని దించకుండా ఏది పెంచినా మొత్తం పగులుతుంది. పనికొచ్చిన పద్ధతి వేరు. ప్రీయాంప్ 6 దించి, 600నీ 1కేనీ మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించి, 170 కాస్త లేపితే డబ్బా వెనక్కి జరుగుతుంది. హెట్‌ఫీల్డ్ గొంతు కూడా దాంతోపాటు కొంచెం వెనక్కి పోతుంది, అది తప్పదు. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ షాపుల గుజరాతీ గల్లీ నుంచి వూఫరున్న 2.1 సెట్లు ఇళ్లకి చేరడం మొదలయ్యాక, ‘మామా, ఇది అంత చెత్తగా లేదురా’ అన్న మాట మెల్లగా వినపడసాగింది. ఆల్బం మారలేదు, అడుగు దొరికింది.

వాయించేవాళ్ల తిప్పలు ఇంకోరకం. ఆల్బంని తిడుతూనే అందరూ గిటార్ని డ్రాప్ సికి దించారు. ఎందుకంటే ఒక్క వేలు అడ్డంగా ఆనిస్తే మూడు తీగల మీద పవర్ కార్డ్ వచ్చేస్తుంది. ముందు ఆరు తీగలూ ఒక మెట్టు దించాలి, డి, జి, సి, ఎఫ్, ఎ, డి. తర్వాత లావు తీగ ఇంకో మెట్టు దించి సికి తేవాలి. ట్యూనర్ లేనివాళ్లకి కొండగుర్తు నాలుగో తీగ. అది కూడా సియే, ఒక స్థాయి పైన. రెండూ కలిపి మీటితే అల అలగా కొట్టుకోవడం ఆగేచోట శ్రుతి కుదిరినట్టు.

చెప్పడానికి ఇంతే, కానీ గివ్‌సన్ గిటార్ మీద మామూలు 9–42 తీగలతో (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఇది చేస్తే ఏమయ్యేదో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తీగ బిగువు శ్రుతికి వర్గంలో తగ్గుతుంది. ఒక మెట్టు దించితే అయిదో వంతు పోతుంది, రెండు మెట్లు దించిన లావు తీగకైతే 37 శాతం పోతుంది. తీగ బట్టలారేసే తాడులా వేలాడుతుంది. గట్టిగా కొడితే శ్రుతి పైకెక్కి దిగుతుంది, ఫ్రెట్ల మీద జర్రుమంటుంది. మందు లావు తీగలే. అదే బిగువు కావాలంటే మందం శ్రుతి తగ్గినంత పెరగాలి. లెక్క కడితే 9 కాస్తా 10కి, 42 కాస్తా డ్రాప్ సికి 53కి వస్తుంది. అంటే 10–52 సెట్టు దాదాపు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. అప్పుడు సికింద్రాబాద్ వాయిద్యాల షాపుల్లో అడిగితే ‘9 ఉంది, 10 ఉంది, 52 ఏంటి బాబూ’ అనేవాళ్లు. దాంతో 10 సెట్టు ఒకటి కొని, లావు తీగ మాత్రం విడిగా వెతుక్కోవడం.

తీగ దొరికినా పని అయిపోలేదు. మెడ పై చివర తీగలు ఆనే నట్‌లో గాడి 42కి కోసింది, అందులో 52 దిగదు, అంచు మీద కూర్చుంటుంది. శ్రుతి చేస్తుంటే కదలకుండా ఉండి ఉండి ఒక్కసారిగా ‘టింగ్’ మని రెండు స్వరాలు దూకుతుంది. పాత తీగ ముక్కకి సన్న గరుకు కాగితం చుట్టి గాడిని పక్కలకి మాత్రమే వెడల్పు చేయాలి, లోతు పెంచకూడదు. లోతు పెరిగితే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి జీవితాంతం బుర్రుమంటుంది. గాడిలో పెన్సిల్ ముల్లు పొడి రాస్తే తీగ సాఫీగా జారుతుంది. చివరగా పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నీ, అదే ఫ్రెట్ నొక్కిన స్వరాన్నీ పోల్చాలి. నొక్కిన స్వరం పైకి పోతే బ్రిడ్జి మీది శాడిల్‌ని వెనక్కి జరపాలి, కిందకుంటే ముందుకి. ఇది చేయకుండానే స్టేజీ ఎక్కిన బ్యాండ్లలో ఇద్దరు గిటారిస్టులు మెడ పై భాగంలో రెండు వేర్వేరు పాటలు వాయిస్తున్నట్టుండేది.

కాలేజీ ఫెస్టుల సంగతి క్లుప్తంగా. అహుజా యాంప్లిఫయరు, కాలమ్ స్పీకర్లు ఉపన్యాసాలకి పుట్టినవి. డ్రాప్ సి గిటార్ అందులోకి పంపితే గుర్రుగుర్రు తప్ప స్వరం ఉండదు. సౌండ్ అన్నని మంచి చేసుకుని మిక్సర్‌లో 80 హెర్ట్జ్ కింది శబ్దం కోయించి, పెడల్ మీద డిస్టార్షన్ సగానికి దించితే రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క, కాస్త తెలిసేది. డిస్టార్షన్ దించడానికి ఒప్పుకునే గిటారిస్టు మాత్రం దొరికేవాడు కాదు.

స్నేర్ గొడవలో పడి జనం గట్టిగా పట్టించుకోని మార్పు ఇంకోటుంది, నా లెక్కలో అదే పెద్దది. ఈ ఆల్బంలో గిటార్ సోలోలు లేవు, ఒక్కటి కూడా. బ్యాండు లీడ్ గిటారిస్టు కర్క్ హామెట్ సోలోలు నేర్చుకోవడమే చదువుగా పెరిగినవాళ్లకి ఇది భోజనంలో పెరుగు లేకపోవడం లాంటిది. బ్యాండు పని కూడా మారింది. గంటలకొద్దీ జామ్ చేసి, నచ్చిన ముక్కల్ని కంప్యూటర్‌లో ప్రో టూల్స్ సాఫ్ట్‌వేర్‌తో కోసి, అతికించి పాటలు కట్టారు. శ్రద్ధగా వింటే అతుకులు తెలుస్తాయి. రిఫ్ నడుస్తూ నడుస్తూ సందు మలుపు తిరిగినట్టు ఇంకో వేగంలోకి పడిపోతుంది, మధ్యలో వంతెన ఉండదు. అందుకే ఈ పాటలు కవర్ చేయడం కష్టం. వేళ్లకి కాదు, లెక్కకి. పాత పాటల్లో సోలో వచ్చిందంటే ఇక ఆఖరి చరణమే అని బ్యాండంతటికీ తెలుస్తుంది. ఇక్కడ ఆ మైలురాయి లేదు. ఒకే రిఫ్ నాలుగుసార్లా ఎనిమిదిసార్లా అని ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. ముందే కాగితం మీద రిఫ్‌కి ఒక అంకె, తిప్పులకి ఒక అంకె రాసి డ్రమ్మర్ కాళ్ల దగ్గర టేపుతో అంటించుకున్న బ్యాండ్లే చివరిదాకా కలిసి వెళ్లాయి.

ఒరిజినల్ సీడీతో పాటు ఒక డీవీడీ కూడా వచ్చేది. ట్రుజిలోతో కలిసి రిహార్సల్ గదిలో ఆల్బం మొత్తం వాయించినది. ఆ రోజుల్లో డీవీడీ ప్లేయరున్న ఇళ్లు తక్కువ కాబట్టి అది చాలామంది దగ్గర అట్టలోనే నిద్రపోయింది. పాటలు అవే, కోతలూ అతుకులూ లేవు, నలుగురు మనుషులు ఊపిరి తీసుకుంటూ వాయిస్తుంటారు. సీడీ కంటే ఇదే మేలనేవాళ్లలో నేనూ ఉన్నాను.

2004లో వచ్చిన సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్ డాక్యుమెంటరీ చూశాక కొందరి కోపం జాలిగా మారింది. నెలకి 40 వేల డాలర్లు తీసుకునే థెరపిస్టు మధ్యలో కూర్చుని ఉంటాడు, ఇద్దరు కోటీశ్వరులు గది మధ్యలో అరుచుకుంటారు. సోలోలు తీసేస్తే రికార్డు ఈ కాలానికే అంటుకుపోతుందని హామెట్ వాదిస్తాడు, వినేవాళ్లుండరు. పాపం, అతను చెప్పిందే జరిగింది. ఇప్పుడు ఈ ఆల్బం ఎక్కడ మోగినా మొదటి నిమిషంలోనే ఏడాది చెప్పేయొచ్చు.

2008 సెప్టెంబర్ 12న డెత్ మ్యాగ్నెటిక్ వచ్చింది. నిర్మాత మారి రిక్ రూబిన్ వచ్చాడు, స్నేర్ తీగలు ఎక్కాయి, సోలోలు తిరిగొచ్చాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ చప్పుడు గొడవే వచ్చింది, కాకపోతే ఈసారి వాల్యూమ్‌ది. మిక్సింగ్‌లోనే శబ్దాన్ని కప్పుకి తగిలేదాకా నొక్కేశారు. శబ్దం అలల్ని బొమ్మగా చూపించే ఆడాసిటీలో పాట తెరిచి చూస్తే కొండలూ లోయలూ ఉండాల్సినచోట నిండుగా ఇటుక గోడ. దగ్గరికి జూమ్ చేస్తే అల కొన మొండిగా తెగిపోయి కనిపిస్తుంది. అదే చెవికి ‘పటపట’ మనే పగులు. అదే ఆల్బం పాటలు గిటార్ హీరో ఆటలో మాత్రం అంత నొక్కకుండా వచ్చాయి. రెండూ పక్కపక్కన విన్నవాళ్లు మళ్లీ మిక్స్ చేయమని పిటిషన్ పెడితే 10 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. విన్‌యాంప్ ప్రీయాంప్ దించితే సెయింట్ యాంగర్ కొంతైనా మాట వినేది. దీనికి ఆ వైద్యం లేదు, తెగిన కొన ఏ గీత దించినా అతుక్కోదు.

2011 అక్టోబర్ 30 ఆదివారం, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీ. ముందు రోజు కాచిగూడలో రైలెక్కిన నల్ల టీషర్టుల మీద పాత ఆల్బంల బొమ్మలే ఎక్కువ. సెయింట్ యాంగర్ అట్టకి పుష్‌హెడ్ అనే చిత్రకారుడు గీసిన ఆ బిగించిన పిడికిలి బొమ్మ వేసుకునే ధైర్యం కొద్దిమందికే.

650 ఎంబీ సీడీల్లో పట్టక మన కాపీల్లోంచి జారిపోయిన ఆ ఆఖరి పాట పేరు ఆల్ వితిన్ మై హ్యాండ్స్. ఆల్బంలో అది అరుపులతో, డబ్బా మోతతో ముగుస్తుంది. 2007లో ఒక సహాయ నిధి కచేరీలో అదే పాటని అకౌస్టిక్ గిటార్లతో, నెమ్మదిగా పాడారు. 2017లో పెట్టిన తమ సేవా సంస్థకి ఆ పాట పేరే పెట్టుకున్నారు. 2019లో సింఫనీతో రెండోసారి కచేరీ చేసినప్పుడు కూడా ఆ మెల్లని రూపమే వాయించారు. ఇప్పుడు విననివాళ్లు వరస తిప్పి వినండి. ముందు 2019ది, చెవులు కప్పే హెడ్‌ఫోన్స్‌లో. తర్వాత డీవీడీలో రిహార్సల్. ఆ తర్వాత 2003 సీడీలో పదకొండో పాట, వాల్యూమ్ సగానికి కిందే ఉంచి, ఫోన్ స్పీకర్లో మాత్రం కాకుండా.